కింగ్స్ క్రాస్ పాట, అబర్డీన్ బజారు శ్రోత



ఈ సాయంకాలము తెలుగు ప్రసంగమునకు కేటాయించిన వేళలో త్యాగరాజస్వామివారినిగూర్చియో, ఘంటసాలవారినిగూర్చియో నాలుగు మాటలు వినవచ్చునని రేడియో పెట్టుకొనిన పెద్దలు నన్ను మన్నింపవలెను. నేను చెప్పబోవునది, లండను నగరములో పుట్టి, ఐర్లండు పల్లెపాటలను తలకెత్తుకొని, త్రాగుబోతుల మేళమని లోకముచే నిందింపబడియు, ఒక తరమువారి చెవులలో చెరగక నిలిచిపోయిన పోగ్స్ అను వాద్యబృందమునుగూర్చి. అంతకన్న ముఖ్యముగా, ఆ బృందమును యౌవనమున పట్టుకొని, తల నెరసిన పిమ్మటను విడువలేక, బంగాళాఖాతపు ఈ దరిని, అండమానులో కూర్చుండి వినుచున్న నావంటి అభిమానినిగూర్చి. పొరుగింటి పుల్లకూర రుచియని మీరు నవ్వుకొందురేమో. నవ్వుకొనుడు. నాకు మాత్రము ఈ కూర పొరుగింటిదని ఏనాడును తోచలేదు. ఎందులకు తోచలేదో చెప్పుటకే వచ్చితిని.

ఈ తరహా సంగీతమునకు కెల్టిక్ పంక్ అని పేరు. 1976, 77 ప్రాంతమున లండనులో పంక్ అనుపేర ఒక తిరుగుబాటు లేచినది. పెద్ద వేదికలను, తళుకు దుస్తులను, ఎంతకును తెగని గిటారు ఆలాపనలను త్రోసిపుచ్చి, మూడు మెట్లు నొక్కుట వచ్చినవాడెవడైనను పాడవచ్చునని చాటిన కుర్రవాండ్ర సంగీతము అది. ఆ గుంపులలో తిరుగుచుండిన షేన్ మెక్‌గోవన్ అను యువకుడు, 1957 డిసెంబరు 25వ తేదీన ఇంగ్లండులోని కెంట్ సీమలో ఐరిష్ తలిదండ్రులకు పుట్టి, పసితనమున కొంతకాలము టిప్పరేరీలో తల్లివైపువారి పల్లెయింట పెరిగి, మరల లండను చేరినవాడు. పంక్ వేడి చల్లారుచుండిన కాలమున, ఆ పల్లెయింట విన్న పాటలనే పంక్ వేగముతో, పంక్ కోపముతో పాడినచో ఎట్లుండునని ఆతనికి తోచినది. టిన్ విజిల్ ఊదు స్పైడర్ స్టేసీ, బాంజో మీటు జెమ్ ఫైనర్, అకార్డియను వాయించు జేమ్స్ ఫియర్న్‌లీ తోడు నిలువగా, 1982 అక్టోబరు 4వ తేదీన కింగ్స్ క్రాస్ పేటలోని పిండార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ అను పానశాలలో వారి మొదటి కచేరి జరిగినది. మొదట వారు పెట్టుకొనిన పేరు గేలిక్ భాషలో ఒక మొరటు మాట. ఆ భాష ఎరిగినవారు బి.బి.సి.కి ఫిర్యాదు చేయగా, పేరును కత్తిరించి పోగ్స్ అని మార్చుకొనిరి. ఆకాశవాణిలో మాటలాడుచున్నవాడను గనుక ఆ మాటకు అర్థమేమో మీ ఊహకే విడుచుచున్నాను.

ఈ పాట సముద్రములు దాటి అబర్డీన్ బజారు వరకు ఎట్లు వచ్చినదని అడుగుదురా? అబర్డీన్ అను పేరే స్కాట్లండునుండి వచ్చి మన ఊరి నడుమ కూర్చుండినప్పుడు, పాట వచ్చుటలో వింత యేమున్నది? నా యౌవనపు రోజులలో ప్రధానభూమితో మనకుగల బంధము చాలవరకు ఓడలే. మద్రాసు 1190 కిలోమీటర్లు, విశాఖపట్టణము 1200, కలకత్తా 1255. ఓడ వచ్చిననాడు ఉత్తరములు, ఉల్లిపాయలు, పాత పత్రికలు, సినిమా పెట్టెలు అన్నియు ఒక్కమారుగా దిగెడివి. ఓడ రానినాళ్ళలో ఆకాశమే గతి. 1963 నుండి పలుకుచున్న ఈ మన కేంద్రము ప్రసారము ముగించి సెలవు తీసికొనిన పిమ్మట, రాత్రివేళ షార్ట్‌వేవ్ ముల్లును వెండ్రుకవాసి జరుపుచు బి.బి.సి. ప్రపంచప్రసారమును పట్టుట నాకు వ్యసనముగా ఉండెడిది. అందు జాన్ పీల్ అను వ్యాఖ్యాత, పక్కగదిలో ఎవరో నిద్రించుచున్నట్లు మెల్లమెల్లగా మాటలాడుచు, మరి యెవ్వరును పట్టించుకొనని బృందముల పాటలు ఏరి వినిపించెడివాడు. ఆయన వినిపించిన పోగ్స్ పాట మొదట నా చెవిని పడునప్పటికి గురగుర సగము, పాట సగము. టిన్ విజిల్ ఏదియో, షార్ట్‌వేవ్ ఈల ఏదియో తెలిసినది కాదు. అయినను ఆ గురగురలోనుండి లేచిన కంఠము, పండ్లు ఊడిన నోటినుండి వచ్చుచున్నట్లుండిన ఆ బొంగురు కంఠము, నన్ను పట్టుకొనినది.

అటుపిమ్మట, ఓడలో వంటపని చేయు మిత్రుడొకడు కలకత్తాలో దిగినప్పుడెల్ల ఫ్రీస్కూలు వీథిలోని పాత రికార్డుల దుకాణములు గాలించి, నా కొరకు కాసెట్టులు పట్టుకొని రాసాగెను. కాసెట్టు వచ్చుట ఒక యెత్తు, దానిని బ్రదికించుకొనుట ఒక యెత్తు. ఏటికి ఇంచుమించు 3000 మిల్లీమీటర్ల వాన కురియు ఈ ఊరిలో తేమకు లోబడని వస్తువు లేదు. ఒక వర్షకాలము గడచునప్పటికి గోధుమరంగు టేపుమీద తెల్లని బూజుచుక్కలు బయలుదేరును. చిన్న స్క్రూడ్రైవరుతో పెట్టె మూలలనున్న మరలు విప్పి, టేపును చూపుడువ్రేలిమీదుగా జారవిడుచుచు, పొడి నూలుగుడ్డతో ఒక్కొక్క జానెడు తుడిచి, మరల చుట్టి, పెన్సిలుతో త్రిప్పి బిగించుటలో ఆదివారపు మధ్యాహ్నము కరగిపోయెడిది. తుడిచినచోట పాట పలుచనయ్యెడిది. ఏ చరణమున ఏ మాటను బూజు తినివేసినదో నాకు కంఠస్థము. ఈనాడు అదే పాటను శుద్ధమైన ధ్వనిలో వినునప్పుడు, మాయము కావలసినచోట మాట స్పష్టముగా పలుకుట నాకు వెలితిగా తోచును.

ఇక అసలు సంగతికి వచ్చెదను. పోగ్స్ ఐర్లండు బృందమని లోకము అనుకొనును గాని, మొదటినుండి ఆ బృందమును నడపినవారిలో అధికసంఖ్యాకులు ఐర్లండులో పుట్టినవారు కారు. కొందరు అచ్చముగా ఇంగ్లీషువారే. మెక్‌గోవను వలసవచ్చినవారి బిడ్డ. లండను వీథులలో ఐరిష్‌వాడని నిందలు పడి, ఐర్లండు చేరినప్పుడు ఇంగ్లీషు యాసవాడని వెక్కిరింపులు పడిన జాతికి చెందినవాడు. ఐర్లండులోని సంప్రదాయజ్ఞులు కొందరు, తమ పెద్దలు భద్రముగా దాచి యుంచిన పాటలను ఈ లండను పోకిరులు చింపి పోగులు పెట్టుచున్నారని మండిపడిరి. కాని సంప్రదాయమునకు నిలువుటద్దమువంటి డబ్లినర్స్ బృందమువారు మాత్రము 1987లో ఈ పోకిరులతోనే కలసి ఒక పాత పాట పాడి, ఆ తగవును సగము తీర్చివేసిరి. తలిదండ్రుల జ్ఞాపకములలో తప్ప తాను నిండుగా ఎరుగని దేశమునుగూర్చి, తన తలిదండ్రులది కాని యాసతో, పెద్దలకు నచ్చని వేగముతో పాడుటకు వలసవచ్చినవాని బిడ్డకు హక్కు కలదా? ఈ బృందము జీవితమంతయు ఆ ప్రశ్నకు, కలదు, అని కేక వేసి చెప్పిన సమాధానము.

ఆ కేక నా చెవికి ఏల సోకినదో ఇప్పుడు మీకు తోచియుండును. మా తండ్రిగారు శ్రీకాకుళము సీమనుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు వచ్చి, 1883లో నెలకొల్పబడిన చాథమ్ రంపపు మిల్లులో కూలికి కుదిరినవారు. నేను ఇచ్చటనే పుట్టితిని. 2011 జనగణనమునుబట్టి ఈ దీవులలో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. మనలో పెక్కుమంది శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణముల తీరమునుండి వచ్చినవారి సంతతి. టెక్కలిలో బంధువుల పెండ్లికి పోయినప్పుడు, వాక్యమునకొక హిందీ మాట దొర్లు నా తెలుగు విని పిన్నలు కిసుక్కున నవ్విరి, పెద్దలు జాలిపడిరి. నవ్వునకు నేను నొచ్చుకొనలేదు గాని జాలికి నొచ్చుకొంటిని. మన తెలుగు చెడిపోయిన తెలుగు కాదు, ఓడ యెక్కిన తెలుగు అని వారికి చెప్పవలెనని యుండెను. చెప్పుటకు అప్పుడు నోరు రాలేదు. లండను యాసతో టిప్పరేరీ పాట పాడుచు, ఎవ్వరి జాలిని ఇసుమంతయు కోరని ఆ గాయకుడు నా పక్షమున మాటలాడుచున్నట్లు నాకు తోచుటలో ఆశ్చర్యమేమి?

పోగ్స్ తొలి కచేరీలలో స్పైడర్ స్టేసీ చేయు చేష్ట యొకటి యుండెడిది. బీరు గ్లాసులు మోయు రేకు పళ్ళెమును రెండు చేతుల నెత్తి, తాళము తప్పకుండ తన నెత్తికి తానే బాదుకొనుచుండెడివాడు. చూచువారికి అది కోతిచేష్ట, విన్నవారికి లయ. దానినిగూర్చి చదివినంతనే నాకు మా పేటలోని గొల్లల తప్పెటగుళ్ళు తలపునకు వచ్చినవి. సంక్రాంతి వచ్చినచో చాలును, పగలంతయు దుంగలు మోసిన ఆ మనుష్యులు రొమ్మున రేకు తప్పెటలు కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు బిగించి, పాట వేగము పెరిగినకొలది ఎగిరి ఎగిరి, గుండెమీదనే కొట్టుకొనుచు గంగమ్మ పాట పాడెడివారు. వాద్యము చేతిలో నుండుట వేరు, దేహమునకే వాద్యము కట్టుకొనుట వేరు. శ్రీకాకుళమునుండి అండమానుకు వచ్చినవాడు తన దెబ్బను తానే తాళముగా మార్చుకొనుట అచ్చట చూచితిని. కింగ్స్ క్రాస్ పానశాలలోని పళ్ళెము నాకు క్రొత్తగా చెప్పినది లేదు. ఆ మాటకు వచ్చినచో, ఈ సంగీతమున కొందరు వాడు తోలుతిత్తి వాద్యమును కూడ మనవారు ఎరుగనిది కాదు. మన వీథిభాగవతులు శ్రుతికొరకు మేకతోలు తిత్తినే ఊదించెడివారు గదా.

పోగ్స్ రెండవ రికార్డు 1985లో వెలువడినది. దాని పేరు బ్రిటిషు నౌకాదళమును ఎత్తిపొడుచు సామెతనుండి తీసినది. ఆ పేరును కూడ ఈ మైక్రోఫోనుముందు ఉచ్చరింపలేను. ఈ బృందముతో ఇదియే తంటా. కాని ఆ రికార్డు అట్టను చూచినవారు మరువలేరు: 1816లో ఇసుకమేటపై చిక్కుకొని చెడిన మెడ్యూసా అను ఫ్రెంచి ఓడలో ప్రాణములు దక్కించుకొని తెప్పమీద కొట్టుకొనిపోయిన దురదృష్టవంతులను గెరికో మహాచిత్రకారుడు వ్రాసిన ప్రసిద్ధచిత్రమును తీసికొని, ఆ ముఖముల స్థానమున బృందమువారి ముఖములు అతికించిరి. ఆ తెప్ప ఐర్లండువారికి వట్టి బొమ్మ కాదు. ఐర్లండులో 1845లో ఉర్లగడ్డపంటకు తెగులు సోకి ప్రారంభమైన మహాక్షామమున ఇంచుమించు పదిలక్షలమంది మరణింపగా, అంతకన్న ఎక్కువమంది ఓడలెక్కి అమెరికా మొదలైన దేశములకు పోయిరి. ఆ ఓడలలో చచ్చినవారిని సరిగా లెక్కపెట్టినవారు లేరు. బృందములోని ఫిలిప్ షెవ్రాన్ వ్రాయగా 1988 నాటి రికార్డులో వచ్చిన వలసపాట ఆ ఓడలనుండి ఆరంభమై, న్యూయార్కు వీథులలో నాట్యమాడు క్రొత్త వలసవానివరకు వచ్చును. ఏడ్పునకు తగిన వస్తువు. కాని రాగము ఏడ్వదు, పరుగెత్తును. సంతాపమును సంతాపముగానే పాడు సంగీతము లోకమున కొల్లలుగా నున్నది. సంతాపమును పట్టుకొని నడివీథిలో గంతులు వేయు సంగీతము అరుదు, నేను దానికే దాసుడనైతిని.

అయితే ఈ దీవులలో కూర్చుండి ఐర్లండు పాట వినువానికి ఒక చిక్కు కలదు. బోస్టనులో వినువానికి ఆ చిక్కు లేదు. ద్వీపాంతరశిక్ష పడి సంకెలలతో ఆస్ట్రేలియా ఓడ యెక్కు ఐరిష్‌వాని గోడు ఈ సంగీతమున పదే పదే వినవచ్చును. 1867లో ఫీనియను తిరుగుబాటుదారులను 62 మందిని హౌగూమాంట్ అను ఓడలో పశ్చిమ ఆస్ట్రేలియాకు పంపినప్పుడు ఐర్లండునకు ప్రధానకార్యదర్శిగా పరిపాలన చేయుచుండినవాడు డబ్లినులో పుట్టిన మేయో ప్రభువు. ఆయనయే పిమ్మట మనకు వైస్రాయి అయి, ద్వీపాంతరవాసుల శిబిరములను తనిఖీ చేయవచ్చి, 1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలము, ఇదిగో ఈ ఎదుటి ఒడ్డున, హారియట్ కొండ దిగి హోప్‌టౌను రేవులో పడవ యెక్కబోవుచు, షేర్ అలీ అను ఖైదీ కత్తికి కూలెను. ఆయన దేహమును ఐర్లండునకు కొనిపోయి కిల్డేర్ సీమలో సమాధి చేసిరి. షేర్ అలీని మార్చి 11న వైపర్ దీవిలో ఉరితీసిరి. ఒక్కడే మనిషి ఐరిష్ ఖైదీలను ఒక సముద్రమునకు పంపి, మన ఖైదీలను చూడ మరియొక సముద్రమునకు వచ్చినాడు. అంతతో తీరలేదు. 1896లో కట్ట నారంభించి 1906లో ముగించిన సెల్యులర్ జైలులో, సావర్కరు మొదలైనవారి కాలమున జైలరుగా పేరుమోసిన డేవిడ్ బారీయు ఐరిష్‌వాడే. ఖైదీలలో మన తెలుగువారును ఉండిరి: రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడచిన గాము మల్లుదొరను కూడ ప్రభుత్వము ఈ దీవులకే పంపినది.

పోగ్స్ పాటలలో సంకెల తొడిగించుకొనిన ఐరిష్‌వాడు కలడు, సిపాయిగా చేరి అవిటివాడైనవాడు కలడు. తాళపుచెవుల గుత్తి పట్టినవాడు మాత్రము నాకు ఎంత వెదకినను కనబడలేదు. ఇది ఆ పాటలలోని లోపమని నేను నిష్కర్షగా చెప్పుదును. అభిమాని యగుట అనగా కన్నులు మూసికొనుట కాదు గదా. అట్లని లెక్క అంతతో మూయుటయు న్యాయము కాదు. 1920 జూనులో జలంధరులో కానాట్ రేంజర్స్ పటాలమునకు చెందిన ఐరిష్ సిపాయిలు, తమ దేశమున బ్రిటిషుదళములు చేయుచున్న దౌర్జన్యములకు నిరసనగా ఆయుధములు క్రింద పెట్టిరి. ఆ పటాలమునకే చెందిన జేమ్స్ డాలీ అను యువకుని అదే యేట నవంబరు 2న దగ్షాయిలో కాల్చి చంపిరి. బరంపురమున పుట్టిన మన వరాహగిరి వెంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిను పోయి, అచ్చటి స్వాతంత్ర్యవాదులతో చెలిమి చేసి, 1916 ఈస్టరు తిరుగుబాటు పిమ్మట దేశము విడిచిపొమ్మని ఆజ్ఞ కాగా తిరిగివచ్చినవారు. ఐర్లండు పిచ్చి పట్టిన తెలుగువారిలో నేను మొదటివాడను కానని నాకు ధైర్యము చెప్పువారు ఆయనయే. ఇక మార్గరెట్ కజిన్స్ అను ఐరిష్ విదుషి, డబ్లినులో సంగీతశాస్త్రమున పట్టము పుచ్చుకొని, 1919లో మదనపల్లెలో రవీంద్రుని ఎదుట కూర్చుండి జనగణమనకు స్వరలిపి కూర్చినది. మనము నిలుచుండి పాడుకొను పాటలో ఐరిష్ చెవి యొకటి దాగియున్నదని ఎందరికి తెలియును?

మద్యముమాట చెప్పకున్నచో ఈ ప్రసంగము కపటమగును. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురు. పోగ్స్ అభిమానినని చెప్పుకొనినంతనే నన్నును అట్టివానిగనే ఎంచినవారు కలరు. నేను మద్యము ముట్టనివాడను. మెక్‌గోవను ముట్టినాడు, మునిగినాడు, తేలలేదు. 1991లో జపాను యాత్రలో, కచేరీకి నిలువజాలని స్థితికి వచ్చిన ఆ గాయకుని, ఆతడు పెట్టిన బృందమే బయటికి పంపవలసి వచ్చినది. జో స్ట్రమ్మరు అను గాయకుడు కొంతకాలము ఆతని స్థానమున పాడెను. తుదకు 1996లో బృందమే చెదరినది. మరల 2001లో కలసి ఏండ్లతరబడి కచేరీలు చేసిరి గాని, క్రొత్త రికార్డు తేలేదు. నా లెక్కలో ఆతడు వ్రాసిన శాశ్వతమైన పాటలు చాలవరకు 1984కును 1988కును నడుమ వ్రాసినవే. ఆ పిమ్మటి మూడు దశాబ్దములను సీసా తినివేసినది. త్రాగుడువలన పాట వచ్చినదని చెప్పు అభిమానులతో నాకు పడదు. త్రాగుడు ఉన్నను పాట వచ్చినది, అది వేరు సంగతి. మన పేటలలో నెలజీతము సారాదుకాణమున దించి వట్టిచేతులతో ఇల్లు చేరు మగవాని భార్యకు పోయి, ఇందులో కవిత్వమున్నదని చెప్పి చూడుడు. ఆమె చెప్పు సమాధానమే ఈ విషయమున తుదిమాట.

ఆ సంగతిని ఆ బృందమువారి పాటయే అందరికన్న బాగుగా చెప్పినది. న్యూయార్కులో క్రిస్మసు ముందునాటి రాత్రి, త్రాగుబోతుల కొట్టడిలో పడియున్న ఒకడు తన పాతప్రేమను తలపోయుటతో మొదలై, దంపతులు ఒకరినొకరు నోరార తిట్టుకొనుటలోనికి దిగు ఆ పాట 1987లో వచ్చినది. జెమ్ ఫైనరు మొదట వ్రాయబూనినది ఇంటికి దూరమైన నావికుని కథ. ఆతని భార్య విని, చప్పగా ఉన్నదని త్రోసివేసి, పండుగనాడు పోట్లాడుకొను ఆలుమగలకథ వ్రాయుమని సలహా చెప్పినదట. ఆమె పుణ్యమున ఒక గొప్ప పాట పుట్టినది. ఓడరేవులో పుట్టి పెరిగిన నాకు ఆ నావికుడు పోయినందుకు ఒక మూల చింతయు కలదు. స్త్రీగొంతు పాడిన కర్స్టీ మెకాలు, ఇంగ్లండు జానపదగాయకులలో పెద్దతలయైన యూవన్ మెకాలు కూతురు. ఆ యూవను 1949లో వ్రాసిన పాటను పోగ్స్ ఈ క్రిస్మసు పాటకు రెండేండ్లముందే తమ రికార్డున పాడియుండిరి. కర్స్టీ భర్త, ఈ క్రిస్మసు పాట నిర్మాత యగు స్టీవ్ లిల్లీవైట్, నమూనాకొరకని ఇంట ఆమెచే పాడించి తెచ్చినది విని, ఇంక వేరొక గాయని యెందుకని బృందమువారు నిశ్చయించుకొనిరి. పాటలో న్యూయార్కు పోలీసుల గాయకబృందమని యొక ముచ్చట వచ్చును. నిజమునకు ఆనాడు అచ్చటి పోలీసులకు గాయకబృందము లేకుండెను, తిత్తివాద్యములు ఊదు దళము ఉండెను. 2000 డిసెంబరు 18న మెక్సికో తీరమున, నీటిలోనుండి పైకి వచ్చుచుండగా వేగముగా వచ్చిన మరపడవ తాకి కర్స్టీ మెకాలు మరణించినది.

2004 డిసెంబరు 25 రాత్రి నేను ఆ పాట విని పండుకొంటిని. మరునాటి ఉదయము 6 గంటల 28 నిమిషములకు సుమత్రావద్ద భూమి కదలినది. అటుపై మన దీవులకు ఏమి జరిగినదో వినుచున్న మీకు నేను చెప్పనక్కరలేదు. కార్ నికోబారునుండి బంధువులను పోగొట్టుకొని వచ్చినవారు మా వీథిలోని పాఠశాలలో తలదాచుకొనిరి. నేల క్రుంగి ఉప్పునీరు నిలిచిన సిప్పీఘాట్ పొలములను, నిన్న మొన్నటివరకు దున్నినవారు గట్టున నిలుచుండి చూచుచుండిరి. ఆ దినములలో ఏ సంగీతమును వినబుద్ధి పుట్టలేదు, భక్తిగీతములును చేదైనవి. చాలకాలమునకు మొదట చెవికి హితవైనది పోగ్స్ పాటయే. ఐర్లండులో మృతుని ఇంట రాత్రంతయు కూర్చుండి, ఏడ్చి, నవ్వి, పాడి, తెల్లవారినపిమ్మట సాగనంపు ఆచారమున్నది. పండుముసలి పోయినచో డప్పులు కొట్టించి ఊరేగించి పంపు మనవారికి అది వింత కాదు. ఆ ఆచారములోని ధైర్యము ఆ పాటలలో నున్నది. ఓదార్పు మాటలు ఓర్వలేని సమయమున అట్టి మోటుధైర్యమే పనికివచ్చును.

పోగ్స్ వేసిన బాటలో తరువాత పలువురు నడచిరి: మాసచూసెట్స్‌లోని క్విన్సీలో 1996లో పుట్టిన డ్రాప్‌కిక్ మర్ఫీస్, లాస్ ఏంజిలిస్‌లో డబ్లినువాడు డేవ్ కింగ్ కూర్చిన ఫ్లాగింగ్ మోలీ, కెనడాలో స్కాట్లండు పాటను పట్టుకొనిన రియల్ మెకెంజీస్. వారు బలముగా వాయింతురు. ఒక గంట విందును, మెచ్చుకొందును, ఆపి మరల పోగ్స్ పెట్టుకొందును. అభిమానమునకు న్యాయబుద్ధి ఉండవలెనని ఎవరన్నారు?

చెన్నపట్టణమునుండి ఈ దీవులకు సముద్రగర్భమున వేసిన 2300 కిలోమీటర్ల తంతి 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. అంతకుముందు ఒక్క పాటను కంప్యూటరులోనికి దింపుకొనుటకు వంట ముగిసి భోజనము ముగిసి పండుకొను వేళ యయ్యెడిది. ఆ తంతి పుణ్యమా యని, కంఠముతో మాత్రమే పరిచయమున్న మనుష్యులను తీరికగా కన్నులార చూడగలిగితిని. చూచునప్పటికి బృందము లేదు, చక్రముల కుర్చీలో గాయకుడు మాత్రము మిగిలియుండెను. 2023 ఆగస్టులో మన గద్దరు పోయెను. నవంబరు 30న మెక్‌గోవను పోయెను. పల్లెగొంతును పోరుగొంతుగా మార్చినవారిద్దరు ఒక్క యేటనే పోవుట నాకు తోచిన పోలికయే గాని, లోకమునకు పట్టినది కాదు. డిసెంబరు 8న టిప్పరేరీలోని నీనా పట్టణపు దేవాలయములో జరిగిన అంత్యక్రియలను ఇచ్చట రాత్రివేళ చూచితిని. గ్లెన్ హాన్సర్డు, లీసా ఓనీలు అను గాయకులు ఆ క్రిస్మసు పాట ఎత్తుకొనగా, ముందువరుసలలోని ఆప్తులు లేచి, శవపేటిక యెదుటనే చేతులు పట్టుకొని నాట్యమాడిరి. గుడిలో అట్లు ఆడవచ్చునా యని మా ఇంటిదానికి సందేహము కలిగినది. సంక్రాంతినాడు గంగమ్మ యెదుట ఆడలేదా యని నేనంటిని. ఆమె ఒప్పుకొనలేదు.

ఈ ప్రసంగము విని ఎవరికైన చెవి పెట్టవలెనని తోచినచో ఒక్క సలహా చెప్పెదను. విమర్శకులు సాధారణముగా 1985 నాటి రికార్డును శిఖరముగా ఎంచుదురు. మీరు దానితో ఆరంభింపకుడు. 1988 నాటి రికార్డును పెట్టుకొనుడు, మొదటి పాట వేగమునకు భయపడకుడు, వలసపాట వచ్చువరకు ఓపిక పట్టుడు, పక్కయింట పరీక్షకు చదువుకొను పిల్లలున్నచో ధ్వని తగ్గించుకొనుడు. 1985 నాటిదే గొప్పదని వాదింపదలచినవారు ఆదివారము ఉదయమున అబర్డీన్ బజారు గడియారస్తంభము చెంత తేనీటి అంగడికి రావచ్చును. నా వాదము నాకు సిద్ధముగా నున్నది, తేనీటి డబ్బులు ఓడినవారివి.

సెలవు.